రెండు తాళంచెవులు



నేను బ్యాంకులో క్లర్కుగా చేరింది ఎనభైల్లో, కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరి శాఖలో. రోజూ పదింటికి ముందు అక్కడ ఒక తంతు జరిగేది. మేనేజరుగారూ హెడ్ క్యాషియరుగారూ కలిసి స్ట్రాంగ్ రూమ్‌లోకి వెళ్లేవారు. క్యాష్ సేఫ్‌కి రెండు తాళాలు. ఒక తాళంచెవి మేనేజరుగారి దగ్గర, రెండోది క్యాషియరుగారి దగ్గర. ఇద్దరూ తిప్పితేనే తలుపు తెరుచుకునేది. దీన్నే బ్యాంకుల్లో జాయింట్ కస్టడీ అంటారు. ఎవరైనా సెలవు పెడితే తాళంచెవిని ఊరికే ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లడానికి లేదు. రిజిస్టర్లో తేదీ, టైము వేసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేయాలి.

ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఊళ్లో పెద్ద రైతు ఒకాయన తాకట్టు నగలు విడిపించుకోడానికి వస్తున్నానని కబురు పెట్టారు. అది భోజనాల వేళ. మేనేజరుగారు క్యాషియరుగారితో, "మీ తాళంచెవి ఇచ్చి మీరు భోంచేసి రండి, నేను చూసుకుంటాలెండి" అన్నారు. క్యాషియరుగారు చెయ్యి జేబు దగ్గరికైనా పోనివ్వలేదు. "ఫర్వాలేదండీ, ఆయన వచ్చి వెళ్లాకే తింటాను" అన్నారు. అంతే. మేనేజరుగారు మొహం చిన్నబుచ్చుకోలేదు, గొంతు పెంచలేదు, తానూ తినకుండా కూర్చున్నారు. రైతు నగలు తీసుకుని వెళ్లేసరికి రెండున్నర. అప్పుడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకుని, ఒకరి దోసకాయ పప్పు ఒకరు వడ్డించుకుని తిన్నారు.

ఆఫీసుల్లో మనుషుల మధ్య ఉండే సంబంధాలు ఆ ఆఫీసు సమాచారాన్ని ఎలా కాపాడతాయి, ఎలా బయటపెడతాయి అన్నది ఇవాళ్టి మన విషయం. దీని గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ఆ బల్ల, ఆ ఇద్దరూ గుర్తొస్తారు.

తర్వాత కాలంలో శాఖలకి కంప్యూటర్లు వచ్చాయి, కోర్ బ్యాంకింగ్ వచ్చింది. ఇనప తాళంచెవికి తోడు పాస్‌వర్డ్ చేరింది. ఎంట్రీ వేసేది ఒకరు, పాస్ చేసేది మరొకరు. ఇదీ జాయింట్ కస్టడీయే. కానీ ఇనప తాళంచెవికి ఇచ్చిన మర్యాద పాస్‌వర్డ్‌కి మనం ఇవ్వలేదు. కీబోర్డు కింద చీటీ మీద రాసుకున్నాం. క్యాలెండర్ వెనక రాసుకున్నాం. పక్క సీటువాళ్లు అడిగితే చెప్పేశాం. చెప్పనివాళ్లని "మా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అని నిష్ఠూరమాడాం.

ఆ పొరపాటు నేనూ చేశాను. ఒకటో తారీఖు, పెన్షన్ల రోజు. క్యూ గేటు దాకా ఉంది. అమ్మకి ఒంట్లో బాగోలేదని ఇంటి నుంచి ఫోనొచ్చింది. పక్క సీట్లో ఉన్న మిత్రుడికి నా పాస్‌వర్డ్ చెప్పి పరుగెత్తాను. ఆ హడావుడిలో ఒక పెద్దాయన డబ్బు అదే పేరున్న ఇంకొకరి ఖాతాలో పడింది. పాస్ చేసింది నా ఐడీ. విచారణలో ఒకటే ప్రశ్న అడిగారు: "ఆ టైముకి మీరు సీట్లో ఉన్నారా?" ఉన్నానంటే అబద్ధం. లేనంటే నాకు సాయం చేసిన మనిషి దోషి. నిజమే చెప్పాను. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. డబ్బు వారంలో తిరిగొచ్చింది. మా స్నేహం మునుపటిలా కావడానికి ఏళ్లు పట్టింది. నేను ఆ రోజు అతనికి నా నమ్మకాన్ని ఇచ్చాననుకున్నాను. నిజానికి నేను మోయాల్సిన బరువు తీసి అతని నెత్తిన పెట్టాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ల సామెత. సమాచారం దొంగతనం అనగానే అందరి చూపూ ఆ ఇంటి దొంగ మీదికే పోతుంది. ఇంటి దొంగలు లేరని నేననను. కానీ ఆఫీసుకి ఎక్కువ చేటు తెచ్చేది దొంగబుద్ధి లేని మంచివాళ్ల మొహమాటం. అమెరికాలో వెరైజన్ సంస్థ సమాచార చోరీల మీద ఏటా ఒక నివేదిక వేస్తుంది. 2024 నివేదికలో, తాము పరిశీలించిన చోరీల్లో 68 శాతంలో మనిషి పాత్ర ఉందని లెక్క తేల్చారు. అదీ దురుద్దేశం లేని మనిషి పాత్ర. మోసపోయినవాళ్లు, పొరపాటు చేసినవాళ్లు. అంటే మనలాంటివాళ్లే.

మొహమాటం అన్నది మన జీవితంలో ఎంత లోతుగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్ మాదాపూర్‌లో ఏ ఐటీ కంపెనీ గేటు దగ్గరైనా చూడండి. ఒకరు కార్డు స్వైప్ చేసి లోపలికి వెళ్తూ, వెనకాల వస్తున్న మనిషి కోసం తలుపు పట్టుకుంటారు. అది మర్యాద. మీ కార్డేదండీ అని అడగడానికి నోరు రాదు. రెవెన్యూ ఆఫీసులకి వెళ్తే అధికారి సంతకం ఇప్పుడు ఒక చిన్న డిజిటల్ కీలో ఉంటుంది. పని ఒత్తిడిలో ఆ కీ కంప్యూటర్ ఆపరేటరు చేతిలో ఉండిపోతే, రైతు పొలం రికార్డు మారిపోవడానికి నాలుగు క్లిక్కులు చాలు. "మన కుర్రాడేగా" అన్న ఒక్క మాట మీద ఒక కుటుంబం భూమి ఆధారపడి ఉంటుంది.

ఆఫీసులో సమాచార భద్రతను సంబంధాలు నాలుగు రకాలుగా దెబ్బతీస్తాయని నా అనుభవం. అతి చనువు, అతి భయం, తగాదా, కినుక. ఒక్కొక్కటీ చూద్దాం.

చనువు సంగతి చెప్పాలంటే ముంబైలోని బ్రాడీ హౌస్ గుర్తుకొస్తుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు శాఖ అది. వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ కంపెనీల పేరున ఆ శాఖ నుంచి విదేశాల్లోని బ్యాంకులకి హామీ పత్రాలు వెళ్లాయి. వాటిని లెటర్స్ ఆఫ్ అండర్‌టేకింగ్ అంటారు. 2018 ఫిబ్రవరి 14న ఆ బ్యాంకు బయటపెట్టిన మొత్తం దాదాపు 11,400 కోట్ల రూపాయలు. తర్వాత లెక్క 13,000 కోట్లు దాటింది. ఈ హామీలు స్విఫ్ట్ అనే అంతర్జాతీయ సందేశాల వ్యవస్థలో వెళ్లేవి. ఆ స్విఫ్ట్‌కీ బ్యాంకు సొంత ఖాతాల కంప్యూటర్‌కీ అప్పటికి లంకె లేదు. స్విఫ్ట్‌లో పంపి, ఖాతాల్లో నమోదు చేయకపోతే పైవాళ్లకి కనిపించదు.

ఇది యంత్రం లోపం. మరి మనుషుల మాట? ఆ విదేశీ మారకం విభాగంలో ఒక డిప్యూటీ మేనేజరు 2010 నుంచి 2017లో రిటైరయ్యేదాకా, ఏడేళ్లు అదే సీట్లో ఉన్నారు. కింది ఉద్యోగితో కలిసి ఆ సందేశాలు పంపారన్నది సీబీఐ ఆరోపణ. బయటపడిన తీరు గమనించండి. 2018 జనవరిలో ఆ కంపెనీలవాళ్లు మళ్లీ హామీ పత్రాల కోసం వచ్చారు. సీట్లో కొత్త అధికారి. నూరు శాతం మార్జిన్, అంటే హామీకి సరిపడా డబ్బు, ముందే కట్టమన్నారు. "ఇదివరకెప్పుడూ కట్టలేదే" అన్నారు వాళ్లు. ఆ మాటతో పాత రికార్డులు తీసి చూస్తే వాటిలో ఏమీ లేదు! పాత పరిచయం లేని ఒక మనిషి మామూలుగా అడగాల్సిన ప్రశ్న అడగడంతో ఏళ్ల గుట్టు రట్టయింది.

అదే ఏడాది మార్చి 13న రిజర్వ్ బ్యాంకు ఆ హామీ పత్రాల పద్ధతినే ఆపేసింది. ముఖ్యమైన సీట్లలో ఉన్నవాళ్లని ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, వరసగా కనీసం 10 పనిదినాలు సెలవు మీద పంపాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. చాలామంది దీన్ని అనుమానంగా తీసుకుంటారు. నేనలా అనుకోను. ఆ సీట్లో పదిరోజులు ఇంకొకరు కూర్చుంటే ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. తప్పు లేనివారికి అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఏముంది?

రెండోది భయం. పైఅధికారి అడిగితే కాదనలేని భయం. 2022 సెప్టెంబరులో పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు ఒకరికి వాట్సాప్‌లో సందేశాలు వచ్చాయి. పంపింది సంస్థ అధిపతి అన్నట్టుంది. ఫలానా ఖాతాలకి వెంటనే డబ్బు పంపమని ఆ సందేశం. పంపారు. కోటీ ఒక లక్ష రూపాయలకి పైగా వెళ్లాక అది మోసమని తేలింది. ఇందులో ఏ కంప్యూటర్నీ ఎవరూ బద్దలు కొట్టలేదు. పెద్దాయన అడిగితే ఎందుకని అడగం కదా, ఆ అలవాటునే దొంగలు వాడుకున్నారు.

హాంకాంగ్‌లో జరిగింది ఇంకా భయం కలిగిస్తుంది. అరూప్ అనే ఇంజనీరింగ్ కంపెనీలో ఆర్థిక విభాగం ఉద్యోగి ఒకరికి 2024 జనవరిలో మెయిల్ వచ్చింది. బ్రిటన్‌లో ఉన్న ఆర్థిక విభాగం అధిపతి పంపినట్టుంది, రహస్య లావాదేవీ అని ఉంది. ఆ ఉద్యోగికి మొదట అనుమానం వచ్చింది. తర్వాత వీడియో కాల్‌కి రమ్మన్నారు. వెళ్తే తెరమీద ఆ అధిపతి, తెలిసిన సహోద్యోగులు. తెలిసిన మొహాలు, తెలిసిన గొంతులు. అనుమానం తీరిపోయింది. 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. ఆ కాల్‌లో నిజమైన మనిషి ఆ ఉద్యోగి ఒక్కరే. మిగతా మొహాలూ గొంతులూ అన్నీ కృత్రిమ మేధతో తయారుచేసినవి. మొదట కలిగిన ఆ అనుమానమే సంస్థకి రక్ష. దాన్ని పైకి చెప్పి, తనకి తెలిసిన నంబరుకి తిరిగి ఫోన్ చేసి, "సార్, ఇది మీరేనా పంపింది?" అని అడిగే అలవాటు అక్కడ ఉండుంటే డబ్బు నిలిచేది.

అందుకే అధికారులకి నా విన్నపం. ఆ అలవాటు నేర్పాల్సింది మీరే. "నా పేరుతో డబ్బు అడిగితే, పాస్‌వర్డ్ అడిగితే, నాకు ఫోన్ చేసి కనుక్కోండి. నేను విసుక్కోను" అని మీరు నోరు తెరిచి చెప్పాలి. ఎవరైనా నిజంగా ఫోన్ చేసిన రోజున విసుక్కోకుండా ఉండాలి. మా మేనేజరుగారు ఆకలితో కూర్చున్నది ఇందుకే.

మూడోది తగాదా. ఇద్దరు పెద్దల మధ్య మాట పట్టింపు కోట్లమందికి ఎలా తగులుతుందో ఈక్విఫాక్స్ కథ చెబుతుంది. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఈ కంపెనీ జనం అప్పుల చరిత్రను భద్రపరుస్తుంది. 2017లో దాదాపు 14 కోట్ల 80 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2018 డిసెంబరులో వచ్చిన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ నివేదికలో ఒక విషయం నన్ను కదిలించింది. ఎన్నో ఏళ్ల కిందట ఆ కంపెనీలో కంప్యూటర్ల అధిపతికీ భద్రతా అధిపతికీ పొసగలేదు. సర్దిచెప్పే బదులు భద్రతా విభాగాన్ని తీసుకెళ్లి న్యాయ విభాగం కింద పెట్టారు. తగాదా పడ్డ ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల మధ్య లేచిన గోడ మాత్రం ఉండిపోయింది.

ఆ గోడ ఏం చేసిందో చూడండి. 2017 మార్చిలో ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని, 48 గంటల్లో సరిచేయాలని భద్రతా విభాగం నాలుగు వందల మందికి పైగా మెయిల్ పంపింది. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ నడుస్తోందో తెలిసిన డెవలపరు ఆ జాబితాలో లేరు. పైవాళ్లకి అందిన మెయిల్ కిందికి చేరలేదు. ఆ కంప్యూటర్లని కనిపెట్టి చూడాల్సిన పరికరం సర్టిఫికెట్ గడువు ముగిసి 19 నెలలు. అది గుడ్డిదై కూర్చుంది. దొంగలు మే నెలలో దూరి 76 రోజులు లోపలే ఉన్నారు. రెండు విభాగాలవాళ్లు వారానికోసారి కలిసి టీ తాగుతూ "మొన్న పంపిన మెయిల్ పని అయిందా?" అని ఒకరినొకరు అడిగే చనువు ఉంటే ఇంత దూరం వచ్చేదా అని నాకనిపిస్తుంది. చనువు చెడ్డదని ఇందాక అన్నాను కదా. తాళంచెవి ఇమ్మని అడిగే చనువు చెడ్డది. తాళం వేశావా అని అడిగే చనువు మంచిది.

నాలుగోది కినుక. ఆస్ట్రేలియాలో మరూచీ అనే ప్రాంతంలో 2000 సంవత్సరంలో మురుగునీటి పంపులు తమంతట తామే అన్నట్టు మొరాయించాయి. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకీ వాగుల్లోకీ పారింది. ఆ కంప్యూటర్లను బిగించిన కంపెనీలో పనిచేసి మానేసిన ఒకాయన, స్థానిక కౌన్సిల్ తనకి ఉద్యోగం ఇవ్వలేదన్న కోపంతో, కారులో రేడియో పరికరం పెట్టుకుని తిరుగుతూ ఆ పని చేశాడు. కోర్టు రెండేళ్ల శిక్ష వేసింది. అతను చేసింది నేరమే, అందులో రెండో మాట లేదు. అయినా ప్రతి సంస్థా ఇందులో రెండు పాఠాలు నేర్చుకోవాలి. మనిషి వెళ్లిన రోజే అతని దారులన్నీ మూయాలి. ఆ మనిషిని మర్యాదగా పంపాలి. చివరి జీతం, సర్వీసు కాగితాల కోసం మూడు నెలలు తిప్పించుకుని, పాత లాగిన్‌ని మాత్రం తెరిచి ఉంచే ఆఫీసులు మనకి కొత్త కాదు.

ఈ నాలుగూ కాక, వీటన్నిటి వెనకా ఉండేది ఒకటుంది. తప్పు చేశానని చెప్పుకోలేకపోవడం. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసిమెలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్క తిరగబడింది, ఆ బృందాల్లోనే ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, చేసినవి దాచకుండా చెబుతున్నారని తేలింది. తిట్లకి జడిసేచోట నర్సులు నోరు విప్పడం లేదు.

మన ఆఫీసుకి దీన్ని అన్వయించుకోండి. శుక్రవారం సాయంత్రం ఒక అమ్మాయి తప్పుడు లింకు నొక్కింది. నొక్కగానే అర్థమైంది. ఇప్పుడు ఆమె ముందు రెండు దారులు. వెంటనే పరుగెత్తుకెళ్లి చెప్పడం, లేదా ఏమీ జరగనట్టు సిస్టమ్ ఆపేసి ఇంటికెళ్లడం. ఏ దారిలో వెళ్తుందన్నది యాంటీవైరస్ నిర్ణయించదు. కిందటి నెల ఇలాంటి తప్పు చేసిన కుర్రాణ్ణి మీటింగులో నలుగురి ముందు నిలబెట్టి ఏమన్నారో అది నిర్ణయిస్తుంది. మన దేశంలో సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లోగా సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని పోలీసులు పదేపదే చెబుతున్నారు. ఎంత త్వరగా చెబితే డబ్బు దారిలో నిలిచే అవకాశం అంత. ఆ అమ్మాయి సోమవారం దాకా నోరు విప్పకపోతే ఆరు గంటల నియమం ఎవరిని కాపాడుతుంది? ముందుగా వచ్చి చెప్పినవారికి మొదట దక్కాల్సింది "మంచి పని చేశావమ్మా, చెప్పావు" అన్న మాట. మిగతా విచారణ తర్వాత.

వింటున్నవారిలో ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఉంటారు. వాళ్లకొక మాట. నమ్మి చెడినవారు లేరంటారు పెద్దలు. నమ్మండి. మీ పక్క సీటు మనిషిని నమ్మండి, వాళ్లింట్లో పెళ్లికి వెళ్లండి, కష్టానికి ఆదుకోండి. పాస్‌వర్డ్ అడిగితే మాత్రం చిరునవ్వుతో "నేనే వచ్చి చేస్తానండీ" అనండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని మోసానికి వాడితే మన ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. అయినా చట్టానికి జడిసి కాదు, ఆ మనిషి మీద ప్రేమతోనే ఇవ్వకండి. రేపు ఏదైనా జరిగితే అనుమానపు చూపు అతని మీద పడకూడదు కదా. ఈ మాట ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నానంటే, ఒక ఒకటో తారీఖున నా మిత్రుడికి నేను చేసిన అన్యాయం వల్లే.

ఆ రోజుల్లో ఆ క్యాషియరుగారికి మేనేజరుగారి మీద గౌరవం లేక తాళంచెవి ఇవ్వలేదనుకున్నాను. చిన్నతనం. చాలా ఏళ్లకి, ఆయన రిటైరయ్యాక, ఒక పెళ్లిలో కలిసినప్పుడు అడిగాను. ఆయన అన్నారు: "ఆ పెట్టెలో ఒక్క గాజు తగ్గినా ముందు ఆయన్నే అడుగుతారు కదమ్మా. నేను పక్కన ఉంటే ఆయనకి సాక్షి ఉన్నట్టు."